సూపు వరసలో తండ్రి దేవుడు

అన్సెల్మ్ బూర్దో ముప్పై ఒక్క ఏళ్లు దేవుడిగా పని చేశాడు.

చిత్రకారుల ముందు మధ్యమధ్యలో మోషేగా, జూపిటర్‌గా, ఒకటి రెండు చలికాలాలు షార్లమేన్ చక్రవర్తిగా కూడా నిలబడ్డాడు గాని, పేరు తెచ్చిపెట్టింది మాత్రం దేవుడి వేషమే. పారిస్‌లో పదకొండు చర్చిల పైకప్పుల లోపలి బొమ్మల్లో, మేఘాల్లోంచి చెయ్యి చాచి కిందికి చూస్తున్న తండ్రి దేవుడి గడ్డం అతనిదే. పిగాల్ కూడలిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. "తండ్రి దేవుడు వచ్చాడా?" అని ఒకరు అడిగితే, "ఇంకా లేదు, మోకాళ్ల నొప్పులట" అని ఇంకొకరు చెప్పేవారు. ఎవరూ నవ్వేవారు కాదు. అలవాటైపోయింది.

ప్రతి సోమవారం పొద్దున ఆ కూడలిలో ఫౌంటెన్ చుట్టూ మోడళ్ల సంత జరుగుతుంది. చిత్రకారులు వచ్చి మెడలూ భుజాలూ గడ్డాలూ పరీక్షగా చూసి, వారానికి కావలసిన మనిషిని మాట్లాడుకుని వెంట తీసుకుపోతారు. పదేళ్ల కిందట అయితే అన్సెల్మ్ గట్టు మీద కూర్చునే లోపే అతని కోసం ఇద్దరు ముగ్గురు పోట్లాడుకునేవారు. 1880 జనవరిలో ఒక సోమవారం ఫౌంటెన్ గడ్డకట్టింది. అన్సెల్మ్ కూడా దాదాపు గడ్డకట్టాడు. ఒక్కరూ అతని వైపు రాలేదు.

దేవుళ్లకు గిరాకీ పడిపోయింది. ఇప్పటి చిత్రకారులకు ఆకాశంతో పని లేదు, వీధి కావాలి. పని పోయిన తాపీవాళ్లు కావాలి, సామాను తోపుడుబండి మీద వేసుకుని నడిరోడ్డు మీద నిలబడ్డ కుటుంబాలు కావాలి, బట్టలుతికి చేతులు పగిలిన ఆడవాళ్లు కావాలి. పేదవాళ్లను వెతుక్కుంటూ వచ్చిన పెద్దమనుషులు అన్సెల్మ్ దగ్గరికి వచ్చేసరికి టోపీ తాకి పక్కకు తప్పుకునేవారు.

ఒక్క కుర్రవాడు మాత్రం ఆగాడు.

"తాతా, చినిగిన కోటేమైనా ఉందా నీ దగ్గర?"

"ఇదే బాబూ." అన్సెల్మ్ రెండు చేతులూ ఎత్తి చూపించాడు. మోచేతుల దగ్గర కోటు లేదు, మోచేతులే ఉన్నాయి.

కుర్రవాడు తల అడ్డంగా ఊపాడు. "చినిగిన మాట నిజమే. కానీ నీ ఒంటి మీద చినిగినట్టు లేదు. పట్టాభిషేకానికి కుట్టించుకున్నట్టుంది."

అన్సెల్మ్ ఇంటికి వచ్చేసరికి వాకిలి కాపలా చూసే మదాం బిదో మెట్ల కింద తన గదిలోంచి తల బయటికి పెట్టింది. ఆమె చెడ్డ మనిషి కాదు. మంచి చేయాలని గట్టిగా అనుకునే మనిషి, అదే చిక్కు.

"బూర్దోగారూ, మీకో శుభవార్త. ధర్మ కార్యాలయంలో మీ పేరు రాయించా. శనివారం అక్కడి అధికారి మస్యు కొర్నియే స్వయంగా వస్తారు. నది అవతల ముసలివాళ్ల ఆశ్రమంలో మంచం ఖాళీ అయిందట."

"నేనడగలేదే, మదాం!"

"అడగరని తెలిసే నేనడిగా. మీ పెట్టెలో బొగ్గు లేదు, మీ పొయ్యిలో నిప్పు లేదు. అక్కడైతే వేళకి తిండి. మొదటి రోజే శుభ్రంగా గడ్డం గీసేస్తారు, పేలు పట్టకుండా."

అన్సెల్మ్ చెయ్యి తనకు తెలియకుండానే గడ్డం మీదికి వెళ్లింది. పదకొండు చర్చిలు ఆ గడ్డానికి మోకరిల్లుతున్నాయి.

"నాకు పని దొరికితే?"

"పనున్న వాళ్లని తీసుకెళ్లరు. నియమం అది," అంది మదాం బిదో. ఆ వయసులో పనేమిటన్న మాట నోటి దాకా వచ్చింది గాని, మింగేసింది. దానికి అన్సెల్మ్ మనసులోనే ఆమెకు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

ఆరో అంతస్తులో అతని పక్కగది ఫిలొమెన్‌ది. నలభై దాటిన విధవరాలు, వీధి చివర ఉతుకుల షెడ్డులో పని. అప్పుడప్పుడు గిన్నెతో ఉల్లిపాయ సూపు తెచ్చి, "ఉప్పెక్కువైంది, పారబోయడానికి మనసొప్పక తెచ్చా" అనేది. ఆమె వంటలో ఉప్పు ఎన్నడూ ఎక్కువ కాలేదని అన్సెల్మ్‌కు తెలుసు. తెలిసినట్టు ఆమెకూ తెలుసు. ఇద్దరూ ఉప్పునే తిడుతూ ఆ సంగతి దాటవేసేవారు.

శనివారం సంగతి విని ఫిలొమెన్ నడుము మీద చేతులు పెట్టుకుంది.

"గడ్డం తీసేస్తారా! ఇంకేం మిగులుతుంది నీలో? ఇదిగో పెద్దాయనా, రేపు నాతో రా. రివాల్ అని ఒకాయన, ఉచిత సూపు కోసం నిలబడ్డ వరస గీస్తున్నాడు. గోడంత బొమ్మ. షెడ్డులో నన్ను చూసి, 'అమ్మా, నీ మొహంలో శతాబ్దపు బాధంతా ఉంది' అన్నాడు. అప్పుడు నాకు పంటి నొప్పి. సరేలే అని ఒప్పుకున్నా. పన్నెండు మందిమి అన్నాడు, పదకొండు మందిమే ఉన్నాం. ఆఖర్న ఒక ముసలాయన కావాలట. శీతాకాలం అయ్యేదాకా పని."

"కానీ నేనెప్పుడూ పేదవాడిగా నిలబడలేదే," అన్నాడు అన్సెల్మ్.

ఫిలొమెన్ అతని గది నాలుగు మూలలూ చూసింది. మంచం, కుర్చీ, చీలిన అద్దం, ఖాళీ బొగ్గుపెట్టె. "ఇంతకాలం ఏం చేస్తున్నావనుకున్నావు మరి?" అంది.

మంగళవారం వెళ్లారు. స్టూడియో గోడ పొడవునా కాన్వాసు ఉంది. దాని మీద ఇప్పటికి ఒక పెద్ద ఇనుప సూపు కడాయి మాత్రమే పూర్తయింది. కడాయి అద్భుతంగా వచ్చింది. మిగతాదంతా బొగ్గు గీతలే. రివాల్ ముప్పై ఏళ్ల సన్నటి మనిషి, ఒకదాని మీద ఒకటి రెండు కోట్లు తొడుక్కుని, వేళ్ల చివరలు కత్తిరించిన ఉన్ని తొడుగులు వేసుకున్నాడు. పేదల బాధ గురించి నిజంగానే నిద్రపోకుండా ఆలోచించేవాడు. ఆలోచిస్తూ ఉన్నప్పుడు ఎదురుగా ఎవరున్నారో అతనికి కనిపించేది కాదు.

"గిన్నె పట్టుకుని చివర నిలబడండి," అన్నాడు.

అన్సెల్మ్ నిలబడ్డాడు. మెడ నిటారుగా లేచింది. భుజాలు వెనక్కి వెళ్లాయి. చూపు కడాయిని దాటి, గోడను దాటి, శాశ్వతత్వం వైపు వెళ్లింది. గిన్నె ఎడమ అరచేతిలో భూగోళంలా కూర్చుంది.

రివాల్ కుంచె కింద పెట్టేశాడు. "అయ్యా, మీరు సూపు అడుగుతున్నట్టు లేదు. సూపును సృష్టిస్తున్నట్టుంది."

వరసంతా గొల్లుమంది. తాపీ పని చేసే గొబేర్ నవ్వి నవ్వి ముందున్న మెలానీ అవ్వ మీద పడ్డాడు. మంచులో కట్టడాలు ఆగిపోయినప్పటి నుంచి అతనికి పని లేదు. మెలానీ అవ్వ చెత్తకుప్పల్లో గుడ్డపీలికలు ఏరుకుని బతుకుతుంది. ఆమె నవ్వలేదు. "పాపం, ఆయన కడుపు ఖాళీదే. నాకు వినిపిస్తోంది," అంది.

నిజమే, ముందురోజు మధ్యాహ్నం నుంచి అన్సెల్మ్ ఏమీ తినలేదు. కానీ దేవుడి కడుపు కూయకూడదని ముప్పై ఒక్క ఏళ్లు సాధన చేసినవాడికి ఆకలి మొహం మీదికి ఎక్కడం మానేసింది.

"శనివారం దాకా చూస్తాను," అన్నాడు రివాల్, నిట్టూర్చి. "ఆలోగా మీరు పేదవాడైతే సరే."

ఆ సాయంత్రం ఫిలొమెన్ గదిలో బడి పెట్టారు.

"ముందు ఆ మెడ దించు తాతా," అన్నాడు గొబేర్. "మెడ అట్లా పెడితే సూపు పోయరు, సలాం కొడతారు."

"గిన్నె రెండు చేతులా పట్టుకో నాయనా," అంది మెలానీ అవ్వ. "ఒక చేత్తో పట్టుకున్నావంటే, ఇవ్వకపోయినా ఫర్వాలేదని అర్థం."

"కడాయి వైపు చూడకు," అంది ఫిలొమెన్. "నీ ముందున్నవాడి గిన్నెలోకి చూడు. వాడికెంత పోశారో చూడు. అక్కడ మేమంతా చూసేది అదే."

"పక్కవాడి గిన్నెలోకి తొంగిచూడటం మర్యాద కాదు కదా!"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "లాభం లేదు," అన్నాడు గొబేర్. "ఈయన పుట్టుకతోనే ఆస్తిపరుడు. ఆస్తే లేదు, అంతే."

బుధవారం అన్సెల్మ్ మెడ దించి నిలబడ్డాడు. లోకం చేసిన పాపాలకు విచారిస్తున్న దేవుడిలా కనిపించాడు. గిన్నె రెండు చేతులా పట్టుకుంటే పూజలో ప్రసాదం ఎత్తుతున్న గురువులా ఉన్నాడు. రివాల్ రెండు సార్లు జుట్టు పీక్కున్నాడు.

అయితే గురువారం నాటికి అన్సెల్మ్ వేరే సంగతి ఒకటి గమనించాడు. మూడు వారాలుగా కడాయి తప్ప ఏదీ పూర్తి కాకపోవడానికి కారణం తను కాదు. ఈ వరసలో ఎవరికీ నిలబడటం రాదు. గొబేర్ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారేవాడు. మెలానీ అవ్వ నిలబడే నిద్రపోయేది. ఫిలొమెన్ దగ్గు ఆపుకోవడానికి ఊపిరి బిగబట్టి, బిగబట్టలేక ఒక్కసారిగా దగ్గేది, వరసంతా కదిలిపోయేది. మళ్లీ రివాల్ కేక. పొద్దున ఎనిమిది నుంచి పదింటి దాకా ఒక్క విరామం లేదు. మూలనున్న ఇనప పొయ్యి మీద చిత్తు కాగితాలు బొత్తిగా పేర్చి ఉన్నాయి. లోపల బూడిద కూడా లేదు.

"పొయ్యి ఎప్పుడు వెలిగిస్తారు?" అన్సెల్మ్ గొబేర్ చెవిలో అడిగాడు.

"వెలిగించరు. వెచ్చగా ఉంటే మా ముక్కులు ఎర్రబడవంట. చలి బొమ్మ కదా."

"విరామం ఎప్పుడు మరి?"

"విరామమా? అదేంటి?"

అన్సెల్మ్ గిన్నె కింద పెట్టాడు. ఇన్నేళ్లలో అతను మధ్యలో గిన్నె, దండం, పిడుగు, ఏదీ కింద పెట్టి ఎరుగడు.

"మస్యు రివాల్," అన్నాడు. ఆ గొంతు అతను ఎప్పుడూ వాడలేదు. దేవుడికి మాట్లాడే పని ఉండదు గనక అది అంతకాలం దాచిపెట్టినట్టు ఉండిపోయింది. "ముప్పావుగంట నిలబడితే పావుగంట విరామం. పొయ్యి పక్కన. ఈ ఊళ్లో ఏ స్టూడియోలో అయినా అదే పద్ధతి. జూపిటర్‌కి ఇచ్చారు, వీనస్‌కి ఇచ్చారు. మేఘాల్లో ఎగిరే పసిపిల్ల దేవదూతలకైతే వేడి పాలు కూడా ఇచ్చారు."

రివాల్ తెల్లబోయాడు. "అది మోడళ్లకి. వీళ్లు మోడళ్లు కాదు, నిజమైన పేదవాళ్లు!"

"మరి మూడు వారాల నుంచి నిలబడ్డది ఎవరయ్యా?" అంది ఫిలొమెన్.

"వీళ్లు అలవాటు పడ్డవాళ్లు..."

"అది నిజమే," అన్నాడు గొబేర్. "సూపు వరసలో ఇంతకన్నా ఎక్కువసేపే నిలబడతాం. కాకపోతే అక్కడ చివర్లో సూపుంటుంది."

అన్సెల్మ్ కళ్లు దించలేదు. "గుడ్డలు లేని దేవుళ్లకి నిప్పు వెలిగించి, గుడ్డలున్న పేదలకి నిప్పు తీసేశారు. ఎర్రముక్కు కావాలంటే మీ పెట్టెలో ఎర్ర రంగు లేదా బాబూ? నన్ను గీసినప్పుడు నా వెనకాల మేఘాలు ఉన్నాయనుకున్నారా? తడిసిన దుప్పటి ఆరేసి ఉండేది."

రివాల్ చెడ్డవాడైతే ఏదో ఒకటి అనేసేవాడు. తన రెండు కోట్ల వైపు చూసుకున్నాడు. తర్వాత పొయ్యి మీది కాగితాలు తీసి కింద పెట్టి, అగ్గిపుల్ల కోసం జేబులు తడుముకున్నాడు. దొరకలేదు. మెలానీ అవ్వ తన లంగా మడతలోంచి తీసి ఇచ్చింది.

శుక్రవారం నాటికి వరస బాగా మెరుగుపడింది. అన్సెల్మ్ అందరికీ పనితనం నేర్పాడు. బరువు ఒక కాలి మీద వేసి రెండోది ఊరికే ఆనించాలి. గోడ మీద ఒక మేకు ఎంచుకుని దాన్నే చూడాలి. దగ్గు వస్తుందనిపిస్తే నాలుక అంగిలికి అదిమిపెట్టాలి. ఫిలొమెన్ పొయ్యి పక్కన పావుగంట కూర్చున్నాక ముప్పావుగంటా దగ్గకుండా నిలబడింది. రివాల్ రెండు మొహాలు పూర్తి చేశాడు. కానీ ఆ రెండూ చూసి పెదవి విరిచాడు.

"నిలబడుతున్నారు. కానీ ఎదురుచూడటం లేదు. ఈ మొహాల్లో ఏదో లేదు." తర్వాత అన్సెల్మ్ వైపు తిరిగాడు, కాస్త సిగ్గుపడుతూనే. "మీరు చెప్పింది న్యాయం. పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. కానీ మీకు ఈ బొమ్మలో చోటు లేదండీ. నేను దేవుణ్ణి వరస చివర నిలబెట్టలేను, జనం నవ్వుతారు. రేపటితో..."

"అర్థమైంది బాబూ," అన్నాడు అన్సెల్మ్. ఆ రాత్రి ఫిలొమెన్ గిన్నెతో సూపు తెచ్చి ఇచ్చింది. ఉప్పు గురించి మాత్రం ఏమీ అనలేదు.

శనివారం పదిన్నరకి, మూడోసారి నిలబడ్డప్పుడు, స్టూడియో తలుపు తట్టి మస్యు కొర్నియే లోపలికి వచ్చాడు. నల్ల కోటు, చంకలో తోలు సంచి, చేతిలో కాగితం. వయసు అరవై దాటి ఉంటుంది. అన్సెల్మ్ గది దాకా ఆరు అంతస్తులు ఎక్కి, మళ్లీ దిగి, మదాం బిదో చెప్పిన గుర్తుల మీద ఇక్కడి నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చాడు. గుమ్మం పట్టుకుని కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు. ఆ కాసేపట్లో అతని చూపు కాన్వాసు మీద పడింది.

"ఆహా," అన్నాడు మెల్లిగా. బొమ్మలో మొహం సగమే పూర్తయిన బట్టలుతికే ఆమె ముందు నిలబడ్డాడు. అతని కళ్లు చెమ్మగిల్లాయి. "ఈ తల్లి ఎవరండీ? ఇలాంటివాళ్లని చూస్తే ఏదైనా చెయ్యాలనిపిస్తుంది."

"అది నేనేనండి," అంది ఫిలొమెన్, అతనికి మూడడుగుల దూరంలోంచి. "నవంబరులో మీ కిటికీ దగ్గరికి బొగ్గు కోసం వచ్చా. బుధవారం రమ్మన్నారు. బుధవారం వస్తే సోమవారం రమ్మన్నారు."

మస్యు కొర్నియే ఆమెనూ బొమ్మనూ మార్చి మార్చి చూశాడు. బొమ్మే ఎక్కువ నచ్చినట్టుంది గాని, మనిషి మాత్రం ఎర్రబడ్డాడు. గొంతు సర్దుకుని కాగితం విప్పాడు.

"అన్సెల్మ్ బూర్దో ఎవరు?"

"నేనేనండి."

"నది అవతల మీకు మంచం సిద్ధంగా ఉంది. బండి కింద ఉంది. అయితే మీకు ఇక్కడ పని ఉందని ఇంటి దగ్గర చెప్పారు." రివాల్ వైపు తిరిగాడు. "ఈయన మీ దగ్గర పని చేస్తున్నాడా, మస్యు? అవునంటే పేరు కొట్టేసి వెళ్తాను. కాదంటే ఇప్పుడే తీసుకువెళ్తాను."

రివాల్ నోరు తెరిచాడు. నిజం చెప్పే మనిషి. నిన్న సాయంత్రం తనే చోటు లేదన్నాడు.

పదకొండు తలలూ అతని వైపు తిరిగాయి. గొబేర్ చేతిలో గిన్నె ముందుకు వచ్చి అక్కడే ఆగిపోయింది. మెలానీ అవ్వ పెదవులు కొద్దిగా తెరుచుకున్నాయి. ఫిలొమెన్ ఏప్రన్ అంచు పిడికిట్లో నలిపింది, రివాల్ పెదవుల మీంచి చూపు తిప్పలేదు, ఆ నోట్లోంచి ఎంత రాలుతుందో కొలుస్తున్నట్టు. ఎవరూ మేకు వైపు చూడలేదు. ఎవరూ ఊపిరి తీయలేదు.

వరస చివర అన్సెల్మ్ నిలబడ్డాడు. ఏ వేషమూ గుర్తుకు రాలేదు. మెడ ఎక్కడుందో, చేతులు ఎక్కడున్నాయో అతనికి తెలియదు. ఇవ్వడమో ఇవ్వకపోవడమో ఇంకొకరి చేతిలో ఉంది, తను చేయగలిగింది లేదు. తెల్లటి గడ్డం వెనక దవడ సన్నగా వణికింది.

రివాల్ వరస మొదటి నుంచి చివరి దాకా ఒకసారి, చివరి నుంచి మొదటి దాకా ఇంకోసారి చూశాడు.

"కదలకండి!" అని అరిచాడు. కుంచె కోసం దూకాడు. "ఒక్కరూ కదలకండి! దేవుడా... కాదు, మిమ్మల్ని కాదు తాతా, మీరు అస్సలు కదలకండి! ఆ గడ్డం అలాగే, ఆ చేతులు అలాగే!"

"మస్యు, నా ప్రశ్నకి సమాధానం..."

"పని చేస్తున్నాడు! ఎండాకాలం దాకా పని చేస్తాడు! కొట్టెయ్యండి ఆ పేరు! అరే, మీరూ కదలకండయ్యా, మీరు జరిగితే వెలుతురు మారిపోతుంది, వాళ్ల చూపులు చెదిరిపోతాయి. ఆ కాగితం అలాగే పట్టుకుని నిలబడండి!"

మస్యు కొర్నియే అభ్యంతరం చెప్పబోయాడు. చెప్పే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. చెయ్యి ఎత్తి కాగితం పట్టుకుని, అందరితో పాటు నిలబడిపోయాడు. కుంచె గరగరలాడింది. అయిదు నిమిషాలయింది. పది అయింది. అన్ని అంతస్తులు ఎక్కి దిగిన మోకాళ్లు ముందు కుడిది, తర్వాత ఎడమది వణకడం మొదలుపెట్టాయి. నుదుట చెమట పట్టింది. వరసలో నిలబడటమంటే ఏమిటో అతను కార్యాలయంలో కిటికీ లోపలి వైపు నుంచే చూశాడు గాని, ఇటువైపు నుంచి ఇదే మొదటిసారి.

మెలానీ అవ్వ చూపు రివాల్ మీంచి తిప్పలేదు. తల కదపలేదు. గిన్నె కదపలేదు. లంగా కింద మాత్రం ఏదో కదిలింది. విరామంలో కూర్చోవడానికి తను తెచ్చుకున్న చిన్న గడ్డి పీటను ఆమె పాదంతో నెడుతోంది, అంగుళం అంగుళంగా, నేల మీద కీచుమనకుండా, మస్యు కొర్నియే వెనక్కి చేరేదాకా.

"కూర్చో నాయనా," అంది పెదవులు కదపకుండా. "ఆయనకి నీ చెయ్యే కావాలి, కాళ్లు కాదు."